బోడమెడ కోడి బేరం

సూర్యాపేట బజారులో మాకు తాళ్ల దుకాణం ఉండేది, నా చిన్నప్పుడు. నిజాం రాజ్యం పోయిన కొత్త. ఒక పక్క కిరాణా, ఇంకో పక్క గాజుల దుకాణం, ఎదురుగా నూనె వ్యాపారి. అలాంటి చోట పుట్టినవాడికి పాలపళ్లు ఊడకముందే బేరం వస్తుంది. నాకూ వచ్చింది. ఊడిన పన్నును కూడా ఊరికే పారేయకుండా, చూపించినందుకు చెల్లెలి దగ్గర బెల్లం ముక్క రాబట్టిన ఘనుణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. అంత తెలివిగలవాడు ఒక కోడి ముందు ఎలా బోర్లా పడ్డాడో చెప్పాలి కదా, అందుకని.

దుకాణం వెనక పెరట్లో మా నాయనమ్మ కోళ్లు పెంచేది, కొన్ని పెట్టలు, ఒక పుంజు. రోహిణి కార్తె వచ్చిందంటే వాటికి గండం. ముక్కులు తెరుచుకుని, రెక్కలు ఎడంగా పెట్టుకుని రొప్పేవి. మధ్యాహ్నానికి ఏదో ఒకటి వాలిపోయేది. ఆ మందలో ఒకే ఒక్క పెట్టకు మాత్రం ఎండ పట్టేది కాదు. దాని మెడ మీద ఒక్క ఈక లేదు. ఎర్రగా, ముడతలు పడి, అప్పుడే ఉడకబెట్టి తీసిన దానిలా ఉండేది. బోడమెడది అనేవాళ్లం. చూడటానికి వచ్చినవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు గానీ, మిగతావి నీడకు పాకుతుంటే అది మాత్రం నడివాకిట్లో పెత్తనం చేస్తూ తిరిగేది.

ఆ ఎండల్లోనే మిర్యాలగూడ నుంచి మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క, వచ్చింది. పెదనాయన పోయాక ఆమె ఒక్కతే ఉండేది. బియ్యం మిల్లు పక్కన ఇల్లు కావడంతో, రాలిన నూకలు తిని కోళ్లు బాగా గుడ్లు పెట్టేవి. ఆ గుడ్లే ఆమెకు ఆధారం. కానీ ఏటా ఎండాకాలం కోళ్లు ఊడ్చుకుపోయేవి. ఈసారి కూడా సగానికి పైగా పోయాయి. వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే ఇల్లు ఎత్తేసి, కోదాడలో మరిది ఇంటికి చేరాలి. మరిది మంచివాడే. అతని భార్య నోరే కోదాడ నుంచి మునగాల దాకా వినపడుతుంది.

పెద్దమ్మ కళ్లు బోడమెడదాని మీద పడ్డాయి. "అత్తమ్మా, దీన్ని నాకియ్యరాదు?" అంది. "ఉన్నదే ఒక్కటి. ఎట్లిస్త?" అంది నాయనమ్మ. ఇద్దరి మధ్యా బేరానికి ఖాళీ కనబడితే నేను ఊరుకుంటానా.

"నేనిస్త పెద్దమ్మా. గిసుంటివి ఎన్ని గావాలె?"

"ఎన్నుంటే అన్ని తే బిడ్డా. మా నల్ల మేకపిల్ల నీది."

మేకపిల్ల అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. ఆలోచన మాత్రం అచ్చం దుకాణం ఆలోచన. ఎవరైనా ఒక తాడు ముక్క తెచ్చి ఇలాంటిది కావాలంటే, మా నాయన ఆ ముక్కను ముందు పెట్టుకుని అలాంటివే పేనేవాడు. నమూనా ఉంటే సరుకు తయారవుతుంది. నమూనా పెరట్లో తిరుగుతోంది. ఇంక అడ్డేమిటి?

పొద్దున్నే మిగిలిన పెట్టలను పట్టుకుని మెడ ఈకలు పీకడం మొదలుపెట్టాను. కోళ్లు ఈ వ్యాపారానికి సహకరించలేదు. ఒకటి నా ముక్కు పొడిచింది. ఇంకొకటి గాజుల దుకాణంలోకి దూరి అక్కడి బేరాలన్నీ చెడగొట్టింది. అయినా ఎండ ఎక్కేలోపు పెరడంతా బోడమెడలే. నాకు తప్ప ఎవరికీ అందంగా కనబడలేదు.

నాయనమ్మ వచ్చి చూసింది. "ఇదేం అవతారంరా?" అంది. నేను లాభనష్టాలతో సహా వివరించాను. ఇవి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి బోడమెడ పిల్లలు వస్తాయి, పెద్దమ్మ నిలబడుతుంది, మేకపిల్ల నా చేతికి వస్తుంది. ఆమె తిట్టలేదు. కోళ్లను నీడకు చేర్చి మెడలకు పసుపూ నూనే రాసింది. తర్వాత మంగలి తాతకు కబురు పెట్టింది. నాకు నున్నగా గుండు గీయించింది. నా జుట్టంటే నాకు ఎంత మురిపెమో ఆమెకు తెలుసు. ఏడుస్తున్న నా తల నిమిరి, తీరిగ్గా అడిగింది:

"ఇగ నీకు పెండ్లయి పిల్లలు పుడితే ఆళ్లకు మంగలి ఖర్సు లేనట్టే గద కొడుకా?"

"అదెట్లయితది? నా ఎంట్రుకలు మల్లొస్తయి. పిల్లలకు ఆళ్లయి ఆళ్లకుంటయి."

"మరి కోళ్లకో?"

జవాబు తెలుస్తూనే ఉంది గానీ, ఒప్పుకుంటే బేరగాణ్ణి ఎట్లా అవుతాను? మనుషుల లెక్క వేరు, కోళ్ల లెక్క వేరు అన్నాను. సరే, చూద్దామంది ఆమె. తొలకరి పడ్డాక నేను పీకిన పెట్టల గుడ్లకు మసిబొట్టు పెట్టి ఒక పెట్ట కింద పొదగేసింది. బోడమెడదాని గుడ్లు ఇంకో దాని కింద వేసింది. అప్పటికే నా సరుకుకు ఈకలు తిరిగి మొలిచి, పీకింది ఎవరో కూడా మరిచిపోయాయి.

పిల్లలు వచ్చాయి. మసిబొట్టు గుడ్లలోంచి వచ్చినవాటికి ఒక్కదానికీ మెడ బోడి లేదు. మెత్తటి నూగుతో చక్కగా ఉన్నాయి. ఇంత చక్కని నష్టం నేను మళ్లీ చూడలేదు. బోడమెడదాని గుడ్ల దగ్గరికి పరుగెత్తాను. అందులో సగం బోడమెడలు, సగం మామూలువి.

"ఇది గూడ మోసం జేసింది," అన్నాను.

"ఒక్కతే కన్నదా? ఆ పుంజు మెడ సూడు, శాలువా కప్పుకున్నట్టు లేదా? తల్లిది కొన్నిటికొచ్చింది. గివ్విటికే ఎందుకొచ్చింది, గవ్విటికెందుకు రాలేదంటే నాకేమెరుక."

దసరా దాటి పిల్లలు ఎదిగాక, బోడమెడలను గంపకెత్తాను. నాయనమ్మ వాటి మధ్య కొన్ని ఈకల మెడలవి కూడా పెట్టింది. నేను అడ్డం పడ్డాను. చెడ్డ సరుకు కలిపితే నా మాట పోతుంది కదా.

"మీ నాయిన దుకాణంల ఒక్క తీరు తాడే ఉంటదా?" అంది. "చేదతాడుతోని ఎద్దుకు ముక్కుతాడు కడ్తడా? ఎండ ఒక్కటే ఉంటదనుకున్నవా? సలి రాదా?"

పాత కోళ్లన్నీ అప్పటికే అమ్మేసుకున్న పెద్దమ్మ, మిర్యాలగూడలో గంప మూత తీసి మొహం చిట్లించింది. "నేనడిగినయి బోడమెడయి గదరా. ఇవెందుకు దెచ్చినవ్?"

"కొసరు పెద్దమ్మా," అన్నాను. అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

పుష్యమాసంలో ముసురు పట్టింది. బోడమెడవి మూలకు చేరి వణికాయి, గుడ్లు పెట్టడం మానేశాయి, కొన్ని పోయాయి కూడా. ఆ నెలంతా పెద్దమ్మ పొయ్యి వెలిగింది కొసరు కోళ్ల గుడ్ల మీదే. తర్వాత రోహిణి వచ్చింది. ఈసారి కొసరువి వాలిపోతుంటే, బతికిన బోడమెడవి మిల్లు ముందు నూకలు ఏరుకుంటూ తిరిగాయి. వాటి గుడ్ల పిల్లల్లోనూ రెండు తీర్లవి ఉన్నాయి. ఈసారి పెద్దమ్మ వేటినీ పక్కకు తీయలేదు.

ఎండలు తగ్గాక ఆమె, అప్పటికి మేకైపోయిన నా మేకపిల్లను తోలుకుని మా ఇంటికి వచ్చింది. "మరిదికి కబురు పంపిన," అంది నాయనమ్మతో, కాళ్లు చాపుకుని కూర్చుంటూ. "నా కోసం అర్ర ఖాళీ జెయ్యకుండ్రి, నేనొస్తలేనని." నాయనమ్మ పళ్లెం తెచ్చి, ఒక గరిటెడు ఎక్కువే అన్నం వడ్డించింది. మేక మాత్రం వారం తిరక్కముందే దుకాణంలో సగం జనపనార తినేసింది. మా నాయన దాన్ని చెవి పట్టుకుని, నన్ను వేరే చేత్తో చెవి పట్టుకుని, ఇద్దరినీ వీధిలో నిలబెట్టాడు. నా మొదటి లాభం అది.

ఆ తర్వాత జీవితమంతా బేరాలే ఆడాను. విత్తనాలు కొంటే అన్నీ ఒకే తీరువి ఏరి ఇవ్వొద్దంటాను, పొట్టివీ నల్లవీ నాలుగు ఉండనిమ్మంటాను. సంతలో గేదెను బేరం చేస్తే, అమ్మేవాడు నిగనిగలాడే కొమ్ములు చూపిస్తాడు. నేను దాని దూడను చూపించమంటాను. దూడతో నీకేం పనయ్యా అని విసుక్కుంటాడు. విసుక్కోనీ. రాసిన నూనె కొమ్ము మీదే ఉంటుంది, దూడకు దిగదు.