మోకాలి మీది నుంచి నోటి దాకా

మా సిద్దిపేటలో నలభై దాటిన ఆడది పొద్దున్నే చాప చంకలో పెట్టుకుని యోగాకు పోతుంటే ఎవరూ ఎందుకని అడగరు. మోకాళ్ళో, నడుమో, షుగరో, ఏదో ఒకటి ఉంటుందని వాళ్ళే అనుకుంటారు. ఆ ధైర్యంతోనే మా చెల్లెను ఆ క్లాసుకు తీసుకుపోయాను. ఆమెకున్నది మోకాళ్ళ నొప్పి కాదు. నరాలు ఒక్కొక్కటే పని మానుకునే జబ్బు.

చెల్లె పెళ్ళైన నాటి నుంచి బొంబాయి దగ్గర భివండిలోనే ఉన్నది. ఆమె మొగుడు, మా మరిది, అక్కడ పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తాడు. చెల్లె ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టేది. పిల్లలు లేరు. మొదట ఆమె చేతిలోంచి కండె జారింది, తర్వాత గ్లాసు, ఆ తర్వాత అన్నం గంటె. అలసట అనుకున్నారు. చివరికి మరిది ఆమెను తెచ్చి మా ఇంట్లో దించి, సెలవు లేదని మళ్ళీ రైలెక్కాడు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదన్నాడు. ఉన్న సత్తువ పోకుండా మెల్లగా కదిలిస్తూ ఉండమన్నాడు. బయటికొస్తే చెల్లె "ఏమన్నడక్కా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచి మాట్లాడటం నాకు చేతకాదు, ఆ దేవుడు నాకు ఆ తెలివి పెట్టలేదు.

తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్ దాటింది. చెల్లె కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నది. "కాళ్ళు పోతే పోనియ్యి. నా అన్నం నేను తినాలె అక్కా. గదొక్కటి ఉంటే చాలు. మా అత్త మంచం పట్టినప్పుడు ఎన్నో ఏండ్లు నేనే తినిపిచ్చిన. బుక్క బుక్కకు ఆమె కండ్లు ఎట్లయితుండెనో నేను సూసిన. నాకు గట్ల వద్దు."

యోగా మాట ఎత్తింది మమ్మల్ని కన్న మా అవ్వ. "ఏ పుట్టల ఏ పామున్నదో, తోల్కపోయి సూడు బిడ్డా. గని రోగం సంగతి ఆడ ఎవలకు చెప్పకున్రి, ఊరంత నోట్లె పడుతది" అన్నది. చెల్లె కూడా అదే అన్నది. సరే, ఇద్దరూ ఒక్కటైతే నా మాట ఎవరు వింటారు?

క్లాసు కోమటిచెరువు దగ్గర ఒక ఇంటి మేడ మీద, రేకుల కింద. నేర్పే మేడం హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి ఉంటున్న మనిషి. అందరికీ తెలిసిన ఆసనాలు కావు అవి. యోగాలోంచే తీసిన కదలికలు, ఊపిరితో పాటు మెల్లగా, నీళ్ళల్లో చెయ్యి ఆడించినట్టు చెయ్యాలి. అరచేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టి, ఊపిరి పీలుస్తూ గుండె దాకా, అక్కడి నుంచి నుదుటి దాకా, తల మీదికి. ఊపిరి వదులుతూ మళ్ళీ కిందికి. చెల్లె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేసేది. ఆ క్లాసులో కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ముందు మనసు కదలాలండీ. దాని వెంట చెయ్యి అదే వస్తుంది" అనేది మేడం. 

చెల్లె నా చెవిలో "నా మనసు ఎప్పుడో నెత్తి మీదికి పోయి కూసున్నదక్కా. చెయ్యే ఇంక కిందనే ఉన్నది" అన్నది. నాకు నవ్వు ఆగలేదు. మేడం నావైపు చూసిన చూపుకు ఇంకా నవ్వొచ్చింది.

ఇంట్లో కూడా మధ్యాహ్నం అన్నానికి ముందు చేసేవాళ్ళం. నేను కుట్టుమిషన్ ఆపి ఆమె ఎదురుగా కూర్చునేదాన్ని. మాకు తల మీది దాకా ఎందుకు? మోకాలి మీది నుంచి నోటి దాకా వస్తే చాలు, మా యోగా అంతే. కొన్నాళ్ళు ఆమె చెయ్యి చుబుకం దాకా బాగానే వచ్చింది. నాకు ఆశ ఎక్కువైంది, ఆశతో పాటు నోరు కూడా. "ఇంకొంచెం లేపవే, ఎంత దూరమున్నదని!" అని అరిచేదాన్ని. "నువ్వు అరిస్తే నరాలు భయపడుతయా అక్కా, అవి నీ మాట ఇనెటివి కావు" అనేది. సాయంత్రం మరిది వీడియో కాల్ చేసి "ఏది, చెయ్యి లేపి సూపియ్యి" అంటే, ఎడమ చేతిని ఫోనులో కనబడకుండా కుడి మోచేతి కింద ఆసరాగా పెట్టుకుని ఆ చెయ్యి లేపి చూపించేది. ఆయన సంతోషపడేవాడు. నేను పక్కకు తిరిగి మిషన్‌కు నూనె వేసేదాన్ని.

క్లాసు చివర మేడం అందరినీ, కుర్చీల్లో ఉన్నవాళ్ళను కూడా, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టేది. దాన్ని శవాసనం అనేది. మావాళ్ళెవరూ ఆ మాట నోట పలకలేదు. పొద్దుపొద్దున, మెడలో పుస్తెలున్న ఆడవాళ్ళు, శవమని ఎట్లా అంటారు? అందరూ శివాసనం అనేశారు. మేడంకు ఇది నచ్చలేదు. ఒకరోజు కూర్చోబెట్టి, "శివుడు కాదండీ, శవం. శవంలాగా కదలకుండా ఉండటం" అని ఓపిగ్గా అర్థం చెప్పింది. మరునాడు ఆ ఘట్టం రాకముందే సగం మంది "పొయ్యి మీద పాలున్నయి మేడం" అంటూ చాపలు చుట్టుకుని మెట్లు దిగారు.

ఉన్నవాళ్ళు పడుకున్నారు కానీ, కాళ్ళు బాగా ఎడం పెట్టి, బొటనవేళ్ళు ఆడిస్తూ పడుకున్నారు. మా దగ్గర పోయినవాళ్ళ కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కడతారు. వేలు ఆడుతున్నంతసేపు అది శవాసనం కాదు, ఎవరికీ కీడు లేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వరసంతా అదే పని. మేడం మాత్రం ఏమీ అర్థంకాక "వేళ్ళు ఎందుకు కదులుతున్నాయి? వదిలేయండి, వదిలేయండి" అంటూ మధ్యలో తిరుగుతున్నది. 

అట్లా తిరుగుతూ మా చెల్లె దగ్గర ఆగింది.

"అందరూ ఒక్కసారి ఇటు చూడండి. ఈవిడ ఎలా పడుకున్నారో చూడండి. వేలు కూడా కదలడం లేదు. శరీరాన్ని పూర్తిగా వదిలేశారు. శవాసనమంటే ఇదీ!"

ఆడవాళ్ళందరూ మోచేతుల మీద లేచి చూశారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నా ఒళ్ళంతా మండిపోయింది. ఆమె ఏదీ వదల్లేదు మేడం, అన్నీ ఆమెను వదిలి పోతున్నయని అరవడానికే లేచాను. చెల్లె నావైపు చూసి వద్దన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. నోరు మూసుకుని మళ్ళీ పడుకున్నాను. నా బతుకులో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

ఆటోలో మాత్రం ఊరుకోలేదు. ఆ మేడంను నాలుగు తిట్లు తిట్టాను.

"ఊకో అక్కా. నన్ను మెచ్చుకున్నది గదా" అన్నది చెల్లె. మళ్ళీ తనే చెప్పింది. "అందరు వేలు ఆడిస్తున్నరని నేను గూడ ఆడిద్దామనే సూసిన. రాలే."

నేను ఆమె పాదాల వైపు చూశాను. మెట్టెలు మెరుస్తూ కొత్తగానే ఉన్నాయి. ఆ జబ్బు కాళ్ళలోకి దిగిందని నాకు ఆ ఆటోలో తెలిసింది. మేము చెయ్యిని పట్టుకుని కూర్చుంటే అది వెనకనుంచి వచ్చి ఇంకో తలుపు తీసింది. ఇక గెలిచేది లేదని ఆ రోజే నాకు తెలుసు. తెలిసీ మధ్యాహ్నం మిషన్ ఆపి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

కొన్నాళ్ళకు మెట్లు ఎక్కడం కుదరక క్లాసు మానేశాం. చెల్లె దానికేమీ బాధపడలేదు. "కాళ్ళతోని తింటమా" అన్నది. కానీ చెయ్యి కూడా చుబుకం నుంచి మెడకు దిగింది, మెడ నుంచి గుండెకు. మోచేతి కింద దిండు పెట్టాం. ఒక దిండు చాలక రెండు పెట్టాం. చెంచా కాడకు పట్టు దొరకాలని గుడ్డ పీలికలు చుట్టాను. చెయ్యి పైకి రాకపోతే తలనే కిందికి వంచి అందుకునేది. అవ్వ ఆ వంగడం చూడలేక వంటింట్లోకి పోయేది. నేను కోపంతో చూస్తూనే ఉండేదాన్ని. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

మొన్న ఎండాకాలం, ఒక మధ్యాహ్నం. పచ్చిపులుసు, పప్పు. చెల్లె కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. నేనూ పీల్చాను. చెయ్యి పళ్ళెంలోంచి లేచి గుండె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అన్నం ఒళ్ళో పడింది. ఊపిరి వదిలి మళ్ళీ లేపింది. ఈసారి అంత దాకా కూడా రాలేదు. ఇంకోసారి అంటుందని చూశాను. అనలేదు.

"నువ్వే పెట్టక్కా" అన్నది, నావైపు చూడకుండా.

చెయ్యి కడుక్కొచ్చి అన్నం కలిపి, ముద్ద చేసి ఒక బుక్క పెట్టాను. నమిలింది. రెండో బుక్క నోటి దగ్గరికి తెస్తుంటే తల వెనక్కి జరిపింది.

"గంత పెద్దగ కాదు. నా బుక్క గంత ఉండది."

సగం చేశాను.

"ఇంక చిన్నగ."

మళ్ళీ సగం చేశాను. అది కూడా కాదన్నట్టు తలూపింది. ఒక్క ఇంట్లో, ఒక్క పళ్ళెంలో తిని పెరిగిన చెల్లె బుక్క ఎంత ఉంటుందో నాకు తెలియదు. ఎంతో చూపిద్దామని ఆమె మోకాలి మీదున్న చేతి వైపు చూసుకున్నది. వేళ్ళు దగ్గరికి రాలేదు. మేమిద్దరం ఆ వేళ్ళను చూస్తూ కూర్చున్నాం, నా చేతిలో అన్నం ఆరిపోయింది.