మస్తాన్ మామ వేసిచ్చిన అట్ట

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మస్తాన్ మామ పాత పేపర్ల అంగడి ముందు గోనెపట్ట మీద కూర్చుని లెక్కల పుస్తకాలు ఏరుకునేదాన్ని. దుమ్ముకు ఒకటే తుమ్ములు... అయినా ఆ వాసన ఇప్పటికీ నాకిష్టం.

మామకు చదువు రాదు. కానీ ఏ పుస్తకం ఏదో బాగా తెలుసు. "బొమ్మలుంటే ఇంజనీరింగు పాపా... బొమ్మల్లేకుండా ఒట్టి వంకర గీతలుంటే లెక్కలు" అనేవాడు. రిటైరైన ఓవర్సీర్ల ఇళ్ళ నుంచి, మిషన్ బడి అయ్యవార్ల ఇళ్ళ నుంచి తూకానికి వచ్చిన పుస్తకాలను పొట్లాల కాగితాల్లో కలపనిచ్చేవాడు కాదు. బంగారు అక్షరాల ఎర్ర బైండ్లు, ఎక్కడో విదేశాల్లో అచ్చైనవి... వాటికి వేరే అర.

నాకప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మా కాలేజీలో లెక్కల సారు ఉన్నాడంటే ఉన్నాడు. పార్టీ మీటింగుకు ఎన్ని లారీల జనం వచ్చారో లెక్కపెట్టడంతోనే ఆయనకు సరిపోయేది. కాలిక్యులస్ ఒక్క పేజీ చెప్పలేదు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. తప్పితే చదువు మాన్పించి చీనీ తోటకు బత్తాయిలు కోయడానికి పంపుతానని నాయన తేల్చి చెప్పేశాడు.

ఆ రోజు మామ పై అరలోంచి లావుపాటి పాత కాలిక్యులస్ పుస్తకం దించాడు. మధ్యలో తెరిచాను... ప్రతి లెక్క పక్కనా మార్జిన్లో పెన్సిల్‌తో విడమరిచి చేసి ఉంది. తప్పు చేసే అవకాశం ఉన్న చోటల్లా తెలుగులో "ఈడ జాగ్రత్త" అని రాసి ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సారు ఎగ్గొట్టిన పాఠమంతా ఎవరో నా కోసమే కూర్చుని రాసినట్టుంది.

మామకో అలవాటు... అట్ట వేయకుండా ఏ పుస్తకమూ చేతికిచ్చేవాడు కాదు. "గుడ్డల్లేకుండా బిడ్డను బయటికి పంపుతామా పాపా?" అంటూ చేతికందిన పేపరు తీసి మడతలు నొక్కి అట్ట వేసిచ్చాడు. నేను సరిగ్గా చూసుకోలేదు. పులివెందుల బస్సెక్కి కూర్చున్నాక చూస్తే... అట్ట మీద దండం పెడుతూ నిండుగా నవ్వుతున్న ఎదుటి పార్టీ నాయకుడు!

ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుందేమో. తొండూరు పక్కన మా ఊళ్ళో ఏ ఇంటికి ఏ పేపరొస్తుంది, పిల్లల పుస్తకాల అట్టల మీద ఎవరి ఫోటో ఉంది... అన్నిటికీ పార్టీ ఉండేది. బడిలో అట్టల కోసం తలలు పగలగొట్టుకున్న పిల్లలున్నారు. ఆ తెలివి ఇంట్లో పెద్దలు పెట్టిందే.

అట్ట చించేద్దామని బైండు తెరిచాను. మొదటి పేజీలో ఇంగ్లీషులో పేరు... శివశంకర్, సివిల్ ఇంజనీరింగ్. కింద మా పక్కూరి పేరు.

ఎదుటి పార్టీ ఇంటి అబ్బాయి. రెండేళ్ళ కిందట జమ్మలమడుగు రోడ్డులో జీపు మీద బాంబులేసి చంపేశారు. ఆ కేసులో జైలుకు పోయినవాళ్ళు మా పార్టీ వాళ్ళు. బెయిలు మీద వచ్చినరోజు ఊరు ఊరంతా దండలు వేసింది. పూలపళ్ళెం పట్టుకుని నేనూ నిలబడ్డాను... తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ పేరు చూశాక అట్ట సంగతే మర్చిపోయాను. పుస్తకాన్ని అలాగే గుండెకు హత్తుకుని ఊళ్ళో దిగి నడిచాను. నేను ఇల్లు చేరేలోపే మా పార్టీ పెద్దాయనకు కబురు చేరింది. నాయననూ నన్నూ పుస్తకంతో సహా రమ్మన్నారు.

వరండా నిండా మీసాలు, తెల్లపంచెలు.

"ఏందప్పా, నీ కూతురు వాణ్ని రొమ్ముకు కరుచుకోని ఊరంతా తిరుగుతాంది?" అన్నాడు పెద్దాయన.

"చిన్నపిల్ల సామీ... అంగట్లో ఏసిచ్చినారు. దానికేం తెల్దు" అన్నాడు నాయన చేతులు కట్టుకుని.

పుస్తకం చేతులు మారింది. ఒకడు బరువు చూశాడు. ఒకడు వాసన చూసి "శానా పాతదబ్బా" అని తేల్చాడు. మొదటి పేజీ చూస్తే చాలు, మా నాయన ఎదుటోళ్ళతో కలిశాడనే అంటారు. ఆ తర్వాత ఏం చేస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు.

తెరిచారు కూడా! ఎందుకు? చదవడానికి కాదు... అట్ట మార్చడానికి. పెద్దాయన ఫోటో ఉన్న పేపరు తెప్పించారు. ఆ ఫోటో సరిగ్గా మధ్యకు రావాలని మనుషుల్ని నరికిన చేతులు నాలుగు జతలు పావుగంట తంటాలు పడ్డాయి. నాయన ముందుకొచ్చి, బైండు తెరిచి పేజీ మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు. వీళ్ళకు ఊడిగం చేస్తున్నాడే అని ఆయన మీద కూడా రోత పుట్టింది నాకు.

చివరికి అట్ట వంకరగానే వచ్చింది. "ఇంగ బాగా సదువుకో పాపా" అని దీవించాడు పెద్దాయన. అంతే... గండం గడిచింది!

ఇంటికొచ్చాక నాయనకు ఆ పేరు సంగతి చెప్పాను.

"తెల్సు. పేజీ మీంద చెయ్యి ఎందుకు పెట్టినాననుకుంటివి?" అన్నాడు. పుస్తకం నా చేతిలో పెట్టి, "మంచి పిల్లోడు... సదువుకో" అన్నాడు.

ఆ రెండు నెలలూ శివశంకర్ అన్నే నాకు సారు. పైన పెద్దాయన నవ్వు, లోపల అన్న చేతిరాత. పన్నెండో చాప్టరు సగంలో ఒక లెక్క దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. సమానం గుర్తు పెట్టి ఉంది... పక్కన ఏమీ లేదు. ఆ తర్వాతి లెక్కలన్నీ నేనే చేసి మార్జిన్లలో రాశాను. పాసయ్యాను.

ఇప్పుడు మా పెద్దాయనదీ, ఆ ఎదుటి పార్టీ నాయకుడిదీ ఒకే పార్టీ... పైగా వియ్యంకులు. మొన్న ఊరికెళ్తే ఒకే ఫ్లెక్సీ మీద ఇద్దరూ దండం పెడుతూ నవ్వుతున్నారు. సిగ్గన్నది ఎప్పుడో చీనీ తోటల్లో పూడ్చిపెట్టారు. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. అన్న ఆపేసిన ఆ లెక్కకు జవాబు నాకు తెలుసు... కానీ ఆ ఖాళీలో రాయడానికి ఇన్నేళ్ళయినా చెయ్యి రాలేదు.

మీ ఇంట్లోనూ ఎవరో చదివి వదిలిన పాత పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది... అట్ట సంగతి వదిలేయండి. మొదటి పేజీ తెరిచి, అక్కడున్న పేరు ఈ పోస్టు కింద రాయండి.