కత్తెర లేని కాలం

పరశురాంకు ఉన్నది ఒకే ఒక్క రోగం. ఏడు వందల ఏళ్ల కిందట లేని వస్తువేదీ ఆయన కంట పడకూడదు. "గా కాలంల గది లేకుండె" అన్నాడంటే ఆ వస్తువు పని అయిపోయినట్టే. ఏడాదిలో పదకొండు నెలలు ఈ రోగం అదుపులోనే ఉంటుంది. తిరుమలగిరి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుకుంటూ, బస్సులెక్కుతూ, సెల్‌ఫోన్‌లో అరుస్తూ మనలాగే బతుకుతాడు. నందికొండలో పాతకాలపు సంత దగ్గర పడిందా, ఇక పట్టపగ్గాలుండవు.

ఆ సంత ఏటా చలికాలంలో సాగర్ నీళ్ల పక్కన రెండు రోజులు జరుగుతుంది. ఊళ్ల నుంచి బృందాలు వస్తాయి. అందరూ ఏడు వందల ఏళ్ల కిందటి మనుషుల్లా బట్టలు కట్టుకుని, సెట్టిలూ సిపాయిలూ అయి తిరుగుతారు. తనిఖీదారులు వచ్చి ప్రతి గుడ్డా, ప్రతి కుట్టూ పట్టి చూసి, అది ఆ కాలానిదో కాదో తేలుస్తారు.

పరశురాం బృందంలో అందరికంటే ఎక్కువ అవస్థ పడేది ఆయన తమ్ముడి కూతురు సంధ్య. బస్టాండు వెనక లేడీస్ టైలర్ దుకాణం ఆమెది. బృందం బట్టలన్నీ ఆమె చేతుల మీదుగానే తయారు కావాలి. పైగా పుట్టు భయస్తురాలు. దుకాణానికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసి, సగం దారి పోయాక మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసే మనిషి.

మొదటి ఏడాది పిన్నీసులు పోయాయి. రెండో ఏడు జిప్పులూ, బటన్లూ, చివరికి కుట్టుమిషనూ పోయాయి. సంధ్య వేళ్లు పుండ్లు పడేలా చేత్తోనే కుట్టింది. మూడో ఏడు పరశురాం చూపు సంతలో వండుకునే కూర మీద పడింది.

"మిరపకాయ తియ్యి. అది సముద్రం దాటి ఎన్కకొచ్చింది. మిరియాలెయ్యి."

"టమాట?"

"లేకుండె."

"ఆలుగడ్డ?"

"లేకుండె."

"మరి గా కాలంల మనుషులన్న ఉండిరా పెద్దబాపూ?"

"ఉండిరి. నీ లెక్క గిన్ని సవాళ్లడిగెటోళ్లే లేకుండిరి."

ఆటో నడిపే మల్లేష్ బృందంలో సిపాయి. నిరుడు అతను గడియారం తీసేశాడు గానీ, ఎడమ మణికట్టు మీద గడియారం మచ్చ తెల్లగా మిగిలిపోయింది. "గా కాలంల గీ మచ్చ లేకుండె" అని పరశురాం పట్టుబట్టాడు. పాపం మల్లేష్ వారం రోజులు ఎడమ చెయ్యి ఎండలోకి చాపి ఆటో నడిపాడు. వెనక వచ్చే బండ్లవాళ్లు అతను ఎడమకు తిరుగుతాడని చూసి చూసి విసిగిపోయారు.

ఈ ఏడు సంత పెద్దల నుంచి కబురొచ్చింది. తనిఖీదారుల్లో ఒకాయన వయసు మీద పడి మానుకున్నాడట. ఆ జాగాలోకి పరశురాంను తీసుకోవాలని ఉందట. అయితే ఈసారి ఆయన బృందం తనిఖీలో ఎట్లా నిలబడుతుందో చూసి తేలుస్తారట. తనిఖీదారు కావడం ఆయనకు ఎన్నో ఏళ్ల కోరిక. కబురు విన్న రోజు ఆయన అన్నం తినడం మరిచిపోయాడు. సంధ్యకు నిద్ర పట్టడం మానేసింది. ఎక్కడో ఒక కుట్టు తప్పు పోతుంది, అది తన చేతి కుట్టే అయి ఉంటుంది, పెద్దబాపు ఆశ తన వల్లే మట్టిలో కలుస్తుంది అని ఆమె రాత్రంతా కుమిలేది.

సంత ఇంకా పదిహేను రోజులుందనగా బృందంలోని వాళ్లు తలా ఒక చేనేత బట్ట తెచ్చి ఇచ్చారు. పరశురాం పక్కింటి రాజమణి ఎర్ర అంచున్న తెల్ల బట్ట తెచ్చింది.

"మల్లేష్ అంగీకి సరిపోతది బిడ్డా. కత్తిరించు" అని బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది.

సంధ్య సుద్దతో గీతలు గీసింది. కత్తెర తెరిచింది.

"ఆగు!" బల్ల పక్కనే ఉన్న పరశురాం వేసిన కేకకు కత్తెర జారి కింద పడింది. "గా కాలంల కత్తెర లేకుండె."

సంధ్య నోరు తెరిచింది. "కత్తెర లేకుండెనా? మరి నిరుడు నువ్వే గదా అంగీ బొమ్మ తెచ్చి గిట్ల కత్తిరించుమన్నవు?"

"గా బొమ్మ తప్పు."

"నేను టైలర్‌ను పెద్దబాపూ. కత్తెర లేకుంటె నేనేం జెయ్యాలె?"

"చుట్టు. మడతలు పెట్టు. సూది లేకుండెనంటినా? టాకాలెయ్యి."

"మల్లేష్ ఒక్కనికా?"

"పదిమందికీ. ఒక్క బట్టకు గూడ కత్తెర తగులొద్దు."

ఆ పదిహేను రోజులూ సంధ్య పడిన యాతన పగవాళ్లకు కూడా వద్దు. మల్లేష్ ఒంటికి నిండు బట్ట చుట్టి, నూట నలభై మూడు టాకాలు వేసింది. అతను కూర్చుంటే రెండు తెగేవి, తుమ్మితే అయిదు తెగేవి.

"తుమ్మకు మల్లేష్!"

"తుమ్మునెట్ల ఆపాలె అక్కా?"

"ఎట్లనన్న ఆపు. జర మా పెద్దబాపు మొకం చూసి ఆపు."

సంత రోజు సాగర్ మీది గాలి ఆగకుండా కొట్టింది. సిపాయి మల్లేష్ రొమ్ము విరుచుకుని ముందు నడుస్తుంటే, సంధ్య సూదీ దారం పట్టుకుని వెనకే పరుగెత్తింది. ఊడిన చోటల్లా నడుస్తుండగానే కుట్టింది. "అక్కా, గుచ్చుకుంటాంది!" అని మల్లేష్ అరిచినప్పుడల్లా జనం సిపాయి వీరావేశం అనుకుని చప్పట్లు కొట్టారు.

తనిఖీదారుల పెద్ద స్వర్ణలత, కాలేజీలో చరిత్ర చెప్పే మేడం. కుట్లు పట్టి చూసి మెచ్చుకుంది. సంధ్యకు కాస్త ఊపిరాడింది. తరువాత ఆమె మల్లేష్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"సిపాయికి అంగీ ఏది? అందరూ గిట్ల చుట్టుకున్నరేంది?"

"గా కాలంల కత్తెర లేకుండెనంట మేడం" అన్నాడు మల్లేష్.

"ఎవరు చెప్పిన్రు? కత్తెర ఉండె, కత్తిరించి కుట్టిన అంగీలు ఉండె. గింత మాత్రం చదువుకోకుండ సంతకొచ్చిన్రా?"

సంధ్య ముందుకొచ్చింది. "నేనే మేడం, దుకాణంల కత్తెర..." అని ఏదో అల్లబోయింది. పరశురాం ఆమెను పక్కకు జరిపాడు. మిరపకాయ గురించి తనిఖీదారులతో గంటసేపు వాదించిన మనిషి, ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనే చెప్పిన మేడం. నాకు తెల్వలె. తప్పయింది."

మధ్యాహ్నానికి ఫలితం చెప్పారు. తనిఖీదారు జాగా మక్తల్ నుంచి వచ్చిన ఒకాయనకు పోయింది. సంధ్యకు కోపం, దుఃఖం రెండూ ఒక్కసారే వచ్చాయి. డేరాలోకి పోయి, మల్లేష్ విప్పి పడేసిన బట్టను ఒళ్లో వేసుకుని ముక్కు ఎగబీలుస్తూ టాకాలు విప్పింది. రాజమణి వచ్చి పక్కన కూర్చుని తనూ విప్పింది. చివరి దారం కూడా పోయాక, బట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూసుకుంది.

"మా ఇంటాయిన మగ్గం మీద నేసిన ఆఖరి బట్ట బిడ్డా గిది. గిది దించిన తెల్లారే దవాఖానకు పోయిండు, మల్ల రాలె. అందరిస్తాండ్రు, నేనొక్కదాన్నే ఉత్త చేతుల్తోని ఎట్లత్తనని ఇచ్చిన. నువ్వు కత్తెర తెరిస్తె నా పానం ఆగిపాయె. ఇచ్చినదాన్ని మల్ల ఇయ్యమని ఏ మొకంతోని అడగాలె? గా కాలంల కత్తెర లేకపాయె, బతికిపోయిన."

సంధ్య తలెత్తి, డేరా మూల నిలబడ్డ పరశురాం వైపు చూసింది. ఆయనకు అప్పుడే దారపు ఉండ చుట్టే పని బాగా ముంచుకొచ్చింది. ఆమె లేచి ఆయన దగ్గరికి పోయింది.

"అది రాజమణమ్మ ఇంటాయిన గాలయ్య నేసిన బట్టని నీకు ముందుగాల్నే తెల్సు" అంది గుసగుసగా.

"గా అంచు ఇంకెవ్వరు నేస్తరే? మెల్లగ మాట్లాడు."

"గదొక్కటే పక్కకు పెడితె అయిపోతుండె గదా. అందరియి ఎందుకాపినవు?"

"గదొక్కటే పెడితె ఆమెకు సమజ్ కాదా? నీది మాకొద్దని తిరిగిచ్చినట్టయితది. అందరియి ఆపితె ఎవ్వరిది ఆపినట్టు గాదు."

"మరి నీ తనిఖీ?"

బాధ లేదని పరశురాం ముఖం చెప్పలేదు. "మక్తలాయన మంచోడేనే. జర మిరపకాయల సంగతి తెల్వదు, గంతే" అన్నాడు.

ఇంతలో మల్లేష్ లుంగీ కట్టుకుని, ఒళ్లంతా గోక్కుంటూ డేరాలోకి వచ్చాడు. "అక్కా, ఇన్నవు గదా? కత్తెర ఉండెనంట. మేడమే చెప్పె. వచ్చే ఏడు నాకు మంచిగ అంగీ కుట్టియ్యి."

బట్ట మడత పెడుతున్న రాజమణి చేతులు ఆగిపోయాయి. పరశురాం ముఖం పాలిపోయింది.

"మేడంకేం తెల్సు?" అంది సంధ్య గట్టిగా. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది, అయినా ఆగలేదు. "ఆమె చదివిన పుస్తకమే తప్పు. నేను టైలర్‌ను. కత్తెర సంగతి నాకెర్కనా, ఆమెకెర్కనా?"

రాజమణి మళ్లీ బట్ట మడత పెట్టసాగింది. చరిత్ర గురించి ఎవరు ఒక్క మాట తప్పు పలికినా ఊరుకోని పరశురాం నోరు తెరిచాడు, మూశాడు. సంధ్య పక్కన చతికిలబడి, ఇంకో బట్ట ఒళ్లోకి లాక్కుని, తలొంచుకుని టాకాలు విప్పసాగాడు.