చెంబులో కాయలు, గుల్లలు

నా చిన్నప్పుడు మా నాయన పొద్దున్నే చేనికి బయలుదేరే వేళకు మా అత్త బావి నుంచి నీళ్ల బిందెతో ఎదురొచ్చేది. అత్త అంటే నాయనకు సొంత చెల్లెలు. మొగుడు పోయాక మా ఇంటికొచ్చి ఇంటెడు చాకిరీ నెత్తిన వేసుకుంది. కంబదూరు పక్కన మా ఊళ్లో వాన పడితే వేరుశనగ పండేది, పడకపోతే ఏమీ లేదు.

ఒక ఏడు విత్తనం వేశాక చినుకు రాలలేదు. మొలకలన్నీ మాడిపోయాయి. అరుగు మీద కూర్చున్న నాయన ఉన్నట్టుండి, "ఇత్తనం ఎయ్యను గొర్రు కట్టిన పొద్దు అది ఎదురొచ్చినాది. నేనప్పుడే అనుకుంటి" అన్నాడు. ఎవరూ అడక్కుండానే నేను, "అవు నాయనా, నేనూ చూసినా" అన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల సాక్ష్యం! దాన్ని పట్టుకుని, మళ్లీ విత్తనాల వేళకు అత్తను కళ్యాణదుర్గంలో దూరపు చుట్టాల ఇంటికి పంపేయాలని నాయన తీర్మానించాడు.

విత్తనాలకు నెల ముందు మా అవ్వ, అంటే నాయన తల్లి, నా చేతికొక ఇత్తడి చెంబు ఇచ్చింది. "అత్త ఎదురొచ్చిన పొద్దు మీ నాయన పని బాగయితే దీంట్లో శెనక్కాయ వెయ్. చెడితే ఉత్త గుల్ల వెయ్" అంది.

నాకదొక ఆటయింది. ఎద్దు పలుపు తెంపుకున్న రోజు అన్నం కూడా తినకుండా పరిగెత్తి గుల్ల వేశాను. మామూలు రోజుల్లో మాత్రం చెంబే గుర్తొచ్చేది కాదు. సాయంత్రం అవ్వ అడిగేది, నేను "ఏం జరగలేదవ్వా" అనేదాన్ని. "ఏం జరగలేదంటే బాగుండాదనే గదే! కాయ వెయ్" అని కసిరేది. చెడు దానంతటదే చెంబులోకి దూకేది. మంచిని అవ్వ రోజూ తవ్వి తీయాల్సి వచ్చేది.

నెల తిరిగాక అవ్వ ఆ చెంబును నాయన ముందు బోర్లించింది. కాయలు కుప్ప పడ్డాయి, గుల్లలు నా గుప్పెటకు కూడా చాల్లేదు. నాయన చూశాడు. "కాయలు ఏరితే వాన వస్తాదా?" అని లేచిపోయాడు. మర్నాడే అత్తను బస్సెక్కించాడు. మూట చంకన పెట్టుకుని ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు మండిపోతుంది. నాయన మీదా, నా మీదా కూడా.

ఆ ఏడు ఎవరూ ఎదురు రాకుండానే గొర్రు కదిలింది. వాన మళ్లీ మొహం చాటేసింది. ఈసారి మాత్రం అరుగు మీద ఒక్క నోరూ లేవలేదు. అవ్వ వచ్చి నాయన అరచేతిలో ఒక ఉత్త గుల్ల పెట్టింది. "ఈ యేడు ఎవురు ఎదురొచ్చినారప్పా?" అంది. మూడో రోజు నాయన తనే పోయి అత్తను తీసుకొచ్చాడు.

తీసుకొచ్చి ఏం లాభం? అప్పటి నుంచి నాయన సందు దాటేదాకా అత్త బిందెతో గోడ చాటున నిలబడేది. నిలబడమని ఎవరూ చెప్పలేదు. వచ్చెయ్ అత్తా అని నేనూ చెప్పలేదు. బతికినన్నాళ్లూ అలాగే నిలబడింది.

పోయినేడు మా ఆయన పోయాడు. మొన్న మా అబ్బాయి కొత్త ట్రాక్టరు తెచ్చి చేనికి తీస్తుంటే, చుట్టాలామె ఒకతె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రవ్వంతసేపు లోపలికి పో పిన్నీ" అని గొణిగింది. పోయాను. బిందె నిండా నీళ్లు పట్టుకుని, తిన్నగా ట్రాక్టరుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. "ఇంక పోనీ నాయనా" అన్నాను మా వాడితో.

అవ్వ చెంబు ఇంకా నా దగ్గరే ఉంది. సాయంత్రం వాడు చేను దున్ని ఇంటికొచ్చాక, మరిచిపోకుండా అందులో ఒక కాయ వేశాను.