ఎడమవైపు వెనక చక్రం

దయ్యాల వార్తలకు మా పత్రికలో నేను చూసే పేజీలో చోటుండేది కాదు. ఊళ్ల నుంచి బాణామతి, చేతబడి అంటూ వచ్చినవి ఎన్నింటినో పక్కన పడేశాను. "నువ్వు చూశావా?" అని విలేకరిని అడిగితే చాలు, అతనే వెనక్కి తీసుకునేవాడు. ఇప్పుడు ఆ ప్రశ్న నన్ను అడిగితే చూశాననే చెప్పాలి. అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు సిద్దిపేట నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లం. ఒక్కసారి తప్పినా ఆయాసంతో పడుకోలేకపోయేది.

తమ్ముడు శ్రీను కొత్తగా కొన్న కారే దిక్కయింది. వాడు నడిపేవాడు. రాస్తారోకోల దగ్గర ప్రెస్ కార్డు చూపించడానికి ముందు సీట్లో నేను. అవ్వ వెనక, కుడివైపు కిటికీ దగ్గర కూర్చునేది. ఎడమవైపు ఖాళీ.

టైర్లలో గాలి తగ్గితే ఆ కారులో పసుపు లైటు వెలుగుతుంది. మొదటిసారి అది తిరుగు ప్రయాణంలో వెలిగింది. గజ్వేల్ దాటాక ఒక కల్వర్టు ఉంది, అక్కడ.

"గాలి తీసిన్రన్నా! నీ కార్డు చూపిచ్చినంక గూడ తీసిన్రు," అన్నాడు శ్రీను.

బంద్ మాట వినని బండ్లకు గాలి తీసేయడం అప్పట్లో మామూలే. గజ్వేల్ సమ్మె శిబిరం దగ్గర మమ్మల్ని ఆపిన కుర్రాళ్లే చేసి ఉంటారనుకున్నాం. దిగి చూస్తే ఎడమవైపు వెనక టైరు కొంచెం అణిగినట్టే కనిపించింది. మెల్లగా నడుపుకుంటూ ఇల్లు చేరాం. అవ్వను దింపేసరికి లైటు ఆరిపోయి ఉంది.

పంక్చర్ షాపు ఖాజా భాయ్ మీటరు పెట్టి చూశాడు. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా ఉంది.

"మేకు లేదు, ఏం లేదు సాబ్. కొత్త కారు గదా, శ్రీనుకు అందరికీ చూపియ్యాలని ఉన్నది," అని నవ్వాడు.

తర్వాతి ప్రయాణంలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. వెళ్లేటప్పుడు వెలగదు. వచ్చేటప్పుడు ఆ కల్వర్టు దగ్గర వెలుగుతుంది, మా ఇంటి ముందు ఆరుతుంది. షోరూముకు ఫోన్ చేస్తే అక్కడి మెకానిక్ ఒక సంగతి చెప్పాడు. ఆ కారు నేరుగా గాలిని కొలవదట. చక్రం తిరిగే తీరును బట్టి లెక్క వేస్తుందట. ఒక చక్రం మీద బరువు బాగా పడి అణిగినా గాలి తగ్గిందనుకోవచ్చట. "ఆ వైపు ఎవరన్నా లావుపాటోళ్లు కూసుంటున్నరా సార్?" అని అడిగాడు.

ఫోన్ పెట్టేసి ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వాను. శ్రీను కూడా నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

మర్నాడు హైదరాబాద్ వెళ్లాలి. పొద్దున్నే కారు తీస్తే రానంది. కాళ్లు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. బతిమాలాను, కసిరాను. చివరికి శ్రీనును బయటికి పంపించి చెప్పింది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు ఇంటికి చేరాకే పోయాడని అనుకుంటూ వచ్చాం. అప్పుడు నేను కరీంనగర్‌లో పనిచేస్తున్నాను. అది నిజం కాదట. హైదరాబాద్ దవాఖాన నుంచి కిరాయి జీపులో, పదిమంది మధ్య తీసుకొస్తుంటే, ఆ కల్వర్టు దగ్గర అవ్వ ఎడమ భుజం మీద ప్రాణం పోయింది. జీపతనికి తెలిస్తే అక్కడే దింపేస్తాడు. శవాన్ని ఇంకే బండీ ఎక్కించుకోదు. మేనమామ కళ్లతోనే సైగ చేశాడు. అవ్వ తువ్వాల తీసి బాపు తలకు చుట్టి, నిద్రపోతున్నట్టు ఆనించుకుని కూర్చుంది.

"ఎదురుంగ కూసున్నామె అడిగితే నిద్ర వట్టిందని చెప్పిన. జీపు ఎగిరినప్పుడు పక్కకు ఒరిగితే సక్కగ కూసోమని గదమాయించిన గూడ. సిద్దిపేట దాక కన్నీళ్లు రానియ్యలె. మీ బాపును దొంగ సామాను లెక్క తెచ్చిన బిడ్డా."

బాపు పోయిన సాయంత్రం వాన. పాడెను దింపుడు కల్లం దగ్గర ఆపకుండానే తీసుకుపోయారు. దారిలో పాడె దింపి, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణమేమైనా ఉంటే లేస్తాడని. బాపును ఎవరూ పిలవలేదు.

కల్వర్టు దగ్గర కారు ఆపి, పెద్దకొడుకుగా నేను పిలిస్తేనే వస్తానంది. సరేనన్నాను. ఆమె కారెక్కితే చాలనుకున్నాను.

డయాలసిస్ చేయించుకుని తిరిగొచ్చేసరికి కల్వర్టు దగ్గర సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. లైటు వెలిగింది. శ్రీను ఆపాడు.

నేను దిగి ఎడమవైపు వెనక తలుపు తీసి వంగాను. "బాపూ" అన్నాను. ఖాళీ సీటు. మళ్లీ అన్నాను, ఇంకా మెల్లగా.

"ఏంది సార్, సీటుతోని ముచ్చట వెడుతున్నరు?" శిబిరం నడిపే టీచరు గరిటె పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. మూఢనమ్మకాల మీద నేను రాసినవన్నీ పిల్లలకు చదివి వినిపించే మనిషి. "రాండ్రి, బువ్వ తిని పోదురు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అవ్వకు నీళ్ల సీసా వెతుకుతున్నానని చెప్పాను. మూడోసారి పిలవలేదు. తలుపు వేయబోయాను.

అవ్వ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. తర్వాత ఆ ఖాళీ సీటు వైపు తిరిగింది. మా అవ్వ ఎన్నడూ బాపు పేరు నోట పలికి ఎరగదు. రేషన్ షాపులో అడిగినా మా చేత చెప్పించేది.

"ఎల్లయ్యా!"

పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా పిలిచింది. నేను పట్టుకున్న తలుపు నా చేతిలో కొద్దిగా పైకి లేచింది. ఆ వైపు కూర్చున్న మనిషి దిగితే కారు లేస్తుందే, అలాగ.

"అన్నా, లైటు ఆరింది," అన్నాడు శ్రీను ముందు నుంచి.

ఆ కారులో అది మళ్లీ వెలగలేదు. అవ్వ అదే కారులో ఇంకెన్నోసార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చింది. రోడ్డు అక్కడ ఎడమవైపు వాలి ఉందని శ్రీను అంటాడు. ఉంది, నేనూ వెళ్లి చూశాను. ఆ వాలు ఇప్పటికీ అలాగే ఉంది. మరి లైటు ఎందుకు వెలగలేదో నాకు తెలియదు. తలుపు ఎందుకు లేచిందో అంతకన్నా తెలియదు.

ఆ రోజు అంతమంది మధ్య అవ్వ పిలిచింది. నేను పిలవలేదు.