మేడం నేర్పిన మా ఆట

పాల్వంచ హైస్కూల్లో మా క్లాసుకంతటికీ అడవి గూడెం నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా కంపెనీ క్వార్టర్ల పిల్లలు. ఎనభైలలో సంగతి. వార్షికోత్సవానికి గిరిజన నృత్యం పెడదామని డ్రిల్ మేడం అనగానే అందరి కళ్ళూ నా మీదే పడ్డాయి. నాకా ఆట రాదు! అక్షరాలు దిద్దకముందే నన్ను హాస్టల్లో వేశారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆడేవాళ్ళను చూడడమే గానీ, వరుసలో నిలబడింది లేదు.

"నాకు రాదండీ మేడం."

"చేపపిల్లకి ఈత నేర్పాలా ఏంటి! ముందు నిలబడు," అన్నారు కోస్తా నుంచి వచ్చిన ఆ మేడం.

నా పక్కన కూర్చునే పిల్ల ఊరుకుంటుందా? "ఏందే, గూడెంల పుట్టి గిది రాదా? మరి నువ్వేం గూడెందానివే?"

ఆ మాట నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. నిజమే, నేను గూడెందాన్ని కాకపోతే మరెవర్ని? క్వార్టర్ల పిల్లనైతే కాదు కదా!

చివరికి మేడమే అడుగులు కట్టారు. రెండడుగులు ముందుకు, చప్పట్లు, ఒక గిరికీ. తలకు ఆకులు చుట్టారు. మావాళ్ళు తలకు ఆకులు చుట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏమో, మేడం చదువుకున్నారు కదా, ఆమెకే తెలిసుంటుందనుకున్నాను. స్టేజీ మీద ముందు నేను, నన్ను చూసి ఆడుతూ వెనక క్వార్టర్ల పిల్లలు. "అసలైన అడవిబిడ్డ!" అని మెచ్చుకున్నాడు ముఖ్య అతిథి. అమ్మయ్య, నేనెవరో తేలిపోయిందని పొంగిపోయాను.

వేసవి సెలవుల్లో ఇంటికెళ్తే భూమి పండుగ. ఆడవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులేసి వరుస కట్టారు. ఎవరూ పిలవకుండానే పోయి అమ్మ పక్కన దూరాను. అందరూ మెల్లగా పక్కకు జరుగుతుంటే నా కాళ్ళు ముందుకు పోయాయి. చేతులు నడుములు వదిలేసి చప్పట్లు కొట్టాయి. వరుస తెగి, ఒకామె ఇంకొకామె మీద పడింది. అందరూ పకపకా నవ్వారు.

నా అవతలి పక్కనున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, మా భాషలో అడిగింది: "ఎవరింటికొచ్చిన చుట్టమే ఈ పిల్ల?"

కోపం ముంచుకొచ్చింది. మేడం మీదో, ముసలమ్మ మీదో, నా కాళ్ళ మీదో నాకే తెలియలేదు. "నేను..." అని ఆగిపోయాను.

"చుట్టమేంది అవ్వా, నా బిడ్డే గద!" అంది అమ్మ నవ్వుతూ.

అమ్మ ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకు ఏడుపు ఆగలేదు.