కృపమ్మ టీచరు కారు

ఆళ్లగడ్డ మెకానిక్ ఈశ్వర్, ఏ కారు వచ్చినా బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని ముందు వాసన చూస్తాడు. ఇవాళ కృపమ్మ టీచరు కారుకు ఆ అవసరమే లేకపోయింది. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. ఇంజెక్టర్లు ఊడదీస్తే రబ్బరు సీళ్లు పగిలిపోయి ఉన్నాయి. వేసవిలో కంపెనీవని చెప్పి తాను వేసిన డూప్లికేట్లే అవి.

"పిల్లల్ని ఎక్కించుకోని నంద్యాలకు పోయొచ్చినా. నిప్పంటుకోలేదు, దేవుని దయ. ఆడ వాటర్ సర్వీస్ చేసినోళ్లే ఏందో కదిలించింటారు ఈశ్వరూ. నువ్వయితే అట్లా చేయవు," అందామె.

అతను ఈసారి కంపెనీ సీళ్లే తెచ్చి, నూనె రాసి బిగించాడు. ఇంజను తిప్పి వాసన చూశాడు. ఏమీ లేదు. పాత సీళ్లు ఆమె కంటపడకుండా గుప్పిట్లోకి తీసుకుంటుండగా, కృపమ్మ ఆ చేతులే పట్టుకుంది.

"ప్రభువా, ఈ చేతుల్ని దీవించు."

ఈశ్వర్ కూడా కళ్లు మూసుకున్నాడు. పెట్రోలు వాసన ఇప్పుడు అతని గుప్పిట్లోంచి వస్తోంది.